గడప విన్న మాట

1

ఒంటరిగా ఉండేవాళ్ళు రోజూ కొంతసేపు గదితో మాట్లాడాలని మా దొంతరలో ఆరోగ్య నియమం. గది వింటుంది, బదులు చెబుతుంది, మన మనసు బాగుందో లేదో పైవాళ్ళకి తెలియజేస్తుంది. నాకు మాట్లాడటం చేతకాదు, గదితో కూడా. బదులుగా రాస్తానని అర్జీ పెట్టుకున్నాను. ఒప్పుకున్నారు. ఎవరూ చదవరట. రాస్తున్నానా లేదా అన్నదే చూస్తారట.

కాబట్టి ఇది మొదటి రాత.

నా పేరు సుభాషిణి. ఉండేది ఏడో దొంతర, ఇరవయ్యో వరస. కుండ మీద కుండ పెట్టినట్టు వరస మీద వరస పేర్చి కట్టారు కాబట్టి ఈ మేడలకి దొంతరలని పేరు వచ్చింది. నా గదిలో రెండు మంచాలు. ఒకటి నాది, రెండోది అమ్మది. అమ్మ బయటికి వెళ్ళింది.

పొద్దున గోడలో అర తెరుచుకుని రెండు డబ్బాలు వచ్చాయి. ఒకదాని మీద నా పేరు, ఇంకోదాని మీద ఇందుమతి అని అమ్మ పేరు. నాది తిన్నాను. అమ్మది మూత తీయకుండా మళ్ళీ అరలో పెట్టాను. రోజూ అంతే.

2

నా పని మాటలు జతచేయడం.

దొంతరకి కింద ఒకటే దారి. ఆ దారి గోడలో వినే యంత్రం ఒకటి ఉంది. దాన్ని అందరం గడప అంటాం. బయటికి వెళ్ళేవాళ్ళు దాని ముందు ఆగి ఒక మాట చెప్పాలి. తిరిగి వచ్చినప్పుడు ఇంకో మాట. గొంతును బట్టి అది మనిషిని గుర్తుపడుతుంది, మాటను బట్టి ఆ మనిషి చోటు ఉంచాలో తీసేయాలో రాసుకుంటుంది. వానాకాలం తర్వాత పాత గడప తీసేసి కొత్తది పెడతారు. దానికి నేర్పడానికి పాత మాటలన్నిటినీ మనిషి చెవితో ఒకసారి వినాలట. వెళ్ళిన మాటకి వచ్చిన మాట దొరికితే జత. దొరకకపోతే 'ఎదురుచూపు' అనే సంచిలో వేయాలి. సంచి అంటే నిజం సంచి కాదు, తెర మీద బొమ్మ.

ఈ పని నాకు నప్పింది. రోజంతా మనుషుల గొంతులు వింటాను. వాళ్ళు నన్ను చూడరు.

మా పై అధికారి దైవాధీనం గారికి మాట్లాడటమంటే ఇష్టం. ఈ రోజు నా బల్ల దగ్గరికి వచ్చి గడప పెట్టిన కొత్తలో సంగతి చెప్పారు.

"అప్పట్లో ఇది 'ఎక్కడికి?' అని అడిగేదమ్మా! గుమ్మం దాటేవాణ్ణి పట్టుకుని ఎక్కడికని అడగొచ్చా? మా నాన్న వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. అది మళ్ళీ 'ఎక్కడికి?' అంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ నీళ్ళు. ఆ పూట సముద్రపు కట్ట మీదికి ఒక్కడు పనికి చేరితే ఒట్టు! ఆ మర్నాటి నుంచి బుద్ధిగా 'చెప్పండి' అంటోంది."

గడప తయారు చేసినవాళ్ళకి తెలుగు వచ్చా అని అడుగుదామనుకున్నాను. ఆయన అప్పటికే ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. కాసేపు అక్కడే నిలబడి వచ్చేశారు.

3

దొంతరలకి పెట్టుకున్న ప్రమాణం ప్రకారం మనిషికి ఒక మంచం, ఒక కిటికీ, రెండు పూటల డబ్బా, ఇన్ని నీళ్ళు, రోజుకో గంట ఆకాశం ఉండాలి. అవి లేకుండా దొంతరలో మనిషి ఉండకూడదు. అమ్మమ్మ చిన్నతనంలో ఇంత గదిలోనే తొమ్మిది మంది వంతులవారీగా పడుకునేవాళ్ళట. ఒకరు లేస్తే ఆ వెచ్చటి చోట్లో ఇంకొకరు. ఆ రోజులు మళ్ళీ రాకూడదని, చోటు ఉంటేనే కొత్త మనిషి అని నియమం పెట్టుకున్నారు. దానికి బదులుగా జనానికి ఒక మాట ఇచ్చారు. ఎవరి చోటైనా వాళ్ళుగా వదలాలి, లేదా వాళ్ళ మనుషులు వదలాలి. అంతేగాని ఎవరూ తీసుకోకూడదు. మా కాన్వెంట్‌లో ప్రార్థన అయ్యాక రోజూ ఇది మాచేత చెప్పించేవారు.

నా ఆకాశం గంటలో మిద్దె మీద నేనూ కోటేశ్వరి అక్కా తప్ప ఎవరూ ఉండరు. మిగతావాళ్ళ గంటలు వేరే ఏమో. అక్క కింద నాలుగో వరసలో ఉంటుంది. భర్త యాకోబు కట్ట మీద పనిచేస్తాడు. బట్టలు ఆరేస్తూ నాకు కూడా కలిపి తనే మాట్లాడుతుంది.

"ఏమే సుభాషిణీ, నీకీ పేరు పెట్టినోళ్ళని పిలిచి నిలదియ్యాలే! మంచి మాటల పిల్లంట! ఇన్నాళ్ళ నుంచి చూస్తన్నా, నీ నోట్లోంచి గుప్పెడు మాటలు రాలా."

నవ్వాను.

"అదిగో, మళ్ళీ నవ్వే. నవ్వు లెక్కలోకి రాదు."

పైకి ఎత్తిన చేతులు దించి నడుం పట్టుకుంది. అప్పుడు చూశాను.

"ఏడో నెల," అంది. "ఏం, నీకిప్పుడు కనపడిందా? పుస్తకాలు చదివీ చదివీ కళ్ళు పోయినయ్యే నీకు."

"చోటు?" అన్నాను.

"ఏం చోటు? కింద బోర్డు చూస్తన్నావుగా."

కింద గడప మీద బోర్డు ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ దాని మీద ఒకటే మాట. 'నిండింది.'

"చోటు రాకపోతే కనేలోపల దొంతర వదిలి బయలుకి పోవాలంట," అంది అక్క. "సరిగ్గా ఎండలు ముదిరే వేళకి పుడతది బిడ్డ. బయల్లో మొదటి ఎండాకాలం దాటిన పసిబిడ్డల్ని వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. యాకోబేమో తడిక కడతా, గోనెపట్టా తడిపి కప్పుతా అంటాడు. తడపడానికి నీళ్ళెవడిస్తాడయ్యా అన్నా."

తర్వాత ఒక చీర కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరో వైపూ పట్టుకుని దులిపాం.

"కిందటిసారి చోటు లేదంటే తీయించుకున్నా," అంది చీర వెనక నుంచి. "ఈసారి తీయించుకోను."

4

మా వరస చాలా నిశ్శబ్దం. కొత్త రకం గోడలు శబ్దాన్ని పీల్చుకుంటాయట. ఇంతమంది ఉన్నా ఒకరి అలికిడి ఇంకొకరికి తగలదు. బతుకు నాణ్యత కొలిచేవాళ్ళు వచ్చినప్పుడల్లా మా వరసకి మంచి మార్కులు వేసి వెళ్తారు. గొట్టాల్లో నీళ్ళు కదిలే చప్పుడు మాత్రం అప్పుడప్పుడు వస్తుంది, ఎవరో దగ్గినట్టు.

సాయంత్రం చదువుకున్నాను. కాన్వెంట్ మూసేసినప్పుడు సిస్టర్ ఫిలోమినా కాగితం పుస్తకాలు కొన్ని నాకిచ్చారు. ఒకదానికి అట్ట లేదు, పేరు తెలియదు. అందులో ఒక ఇంటికి చెప్పకుండా చుట్టాలొస్తారు. పడుకోడానికి చోటు చాలక చాపలు వేస్తారు. ఎవరి కాళ్ళో ఎవరికో తగులుతాయి. పిల్లలు నవ్వు ఆపుకోలేరు. కథలో దానివల్ల ఏమీ జరగదు. ఆ పేజీ నాకు నోటికి వచ్చు.

5

'ఎదురుచూపు' సంచి పెరుగుతోంది. జతల కంటే ఎక్కువగా పెరుగుతోంది.

మొదట నేనే ఎక్కడో పొరబడుతున్నాననుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ముసలి గొంతులు, పడుచు గొంతులు, జలుబు చేసిన గొంతులు. పెట్టె ఈడ్చుకెళ్తున్న చప్పుడు. ఎవరో ఏడుపు ఆపుకోవడం. ఒకతను పాడుకుంటూ వచ్చి, గడప ముందు మాత్రం పాట ఆపి మాట చెప్పి, మళ్ళీ అందుకున్నాడు.

అందరిదీ ఒకటే మాట. వెళ్ళొస్తాను. వెళ్ళొస్తా. వెళ్ళొస్తామండీ. పోయొస్తా.

గడప ప్రతిదాని పక్కనా ఒకటే రాసుకుంది. 'తిరిగి వస్తారు. చోటు ఉంచాలి.'

6

ఈ రోజు ఒక పని చేశాను. నా జీవితంలో చేసిన పనుల్లో పెద్దది అదే అనుకుంటాను. మా వరసలో తలుపులు తట్టాను.

మొదటి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. తెరిస్తే ఏం అనాలో కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఎవరూ తీయలేదు. రెండోది తీయలేదు. ఆ తర్వాత భయం పోయింది, తట్టుకుంటూ నడిచాను. ప్రతి తలుపు పక్కనా పేరు వెలుగుతోంది. వరస వైపున్న అద్దంలోంచి చూస్తే దాదాపు ప్రతి అరలోనూ మూత తీయని డబ్బాలు, మళ్ళీ లోపలికి వెళ్ళిపోవడానికి సిద్ధంగా.

వరస చివర ఒక తలుపు తెరుచుకుంది. చాలా పెద్దాయన. పేరు సత్యానందం గారని తలుపు పక్కన ఉంది. నన్ను చూసి చేతులు జోడించారు.

"నా దగ్గు గురించే కదమ్మా వచ్చావు? తగ్గించుకుంటానమ్మా. గోడలు పీలుస్తాయన్నారు, అందుకని కాస్త స్వేచ్ఛగా దగ్గాను."

దగ్గు కాదండీ అన్నాను. కాగితం మీద రాసుకున్నదేదీ పనికిరాలేదు.

"మరి?"

"ఎవరైనా ఉన్నారేమో అని."

ఆయన నా భుజం మీదుగా వరస పొడుగునా చూశారు. "అందరూ ఉన్నారు కదమ్మా. వేరే షిఫ్టుల్లో ఉన్నట్టున్నారు. నాదే ఏదో తప్పు షిఫ్టు అనుకుంటాను, ఇన్నేళ్ళలో ఒక్కరూ ఎదురుపడలేదు."

నా గదికి వచ్చి కూర్చున్నాక మళ్ళీ గొట్టం దగ్గింది. అది గొట్టం కాదు.

7

సంచిలో అమ్మ ఉంది.

ఉంటుందని తెలుసు. వెతకలేదు. వినే మాటల వరసలో వచ్చింది.

నేను స్కూలు చివరి తరగతిలో ఉండగా అమ్మ వెళ్ళింది. దక్షిణాన కొత్త కట్ట కడుతున్నారు, అక్కడ నర్సులు కావాలన్నారు. పొద్దున నా జడ వేసి, గది తలుపు దగ్గర "వెళ్ళొస్తానే, డబ్బా తిను" అంది. నేను స్కూలుకి వెళ్ళిపోయాను. గడప దాకా దిగలేదు. ఏడాది పాటు కబుర్లు వచ్చాయి. ఎండ గురించి, అక్కడి నీళ్ళ గురించి, నేను సరిగ్గా తింటున్నానా అని. తర్వాత రాలేదు. నేను పంపినవి చేరుతున్నట్టే తెర చూపిస్తుంది. బదులు లేదు. అయినా వెళ్ళొస్తానంది కదా. ఒకరోజు డబ్బా తిప్పి పంపకుండా ఉంచాను కూడా, ఆ రోజే వస్తుందేమోనని.

గడప "చెప్పండి" అంది.

అమ్మ "వెళ్తు..." అంది. ఆగింది. గాలి పీల్చుకున్న చప్పుడు. "వెళ్ళొస్తా" అంది.

గడప రెండోదే రాసుకుంది. మొదటిది దానికి మాట కాదు.

మళ్ళీ పెట్టుకుని విన్నాను. మళ్ళీ. మధ్యాహ్నం అయింది.

8

దైవాధీనం గారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తి, నేనే కదిలి వచ్చానని ఆశ్చర్యపోయి, కుర్చీ చూపించారు.

"సార్, సంచిలో ఉన్నవాళ్ళు రారు."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"వాళ్ళందరూ వెళ్ళొస్తానన్నారు."

"అనరూ మరి? గుమ్మంలో నిలబడి పోతున్నా అంటారా ఎవరైనా? ఛ, అవేం మాటలు!"

"అందుకే సార్."

ఆయన కళ్ళద్దాలు తీశారు. నేను ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ముందు ఆయనకి నవ్వొచ్చింది. "అది నిజమనుకుందా? ఊరంతా మర్యాదకి అనే మాట పట్టుకుని, అది... ఓరి దీని తెలివి తెల్లారా!" అని బల్ల చరిచారు. తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"అంటే పైన ఇన్ని మంచాలు..."

"అవును సార్."

"నిండింది, నిండింది అని చూపించుకుంటూ..."

"అవును సార్. ఒక అక్కకి చోటు కావాలి. వేసవిలోపల."

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడిచారు. "పైవాళ్ళకి రాస్తానమ్మా. కొత్త గడప వచ్చాక చూద్దామంటారు. వచ్చినా ఏం చేస్తారు? ఆ మనిషి రాడని ఎవరు చెప్పాలి? ఇంట్లోవాళ్ళే వచ్చి గడప ముందు నిలబడి, నోటితో చెప్పాలి. మా తమ్ముడు సుదర్శనం తూర్పు ఓడ ఎక్కి వెళ్ళాడు. వాడి మంచం మీద దుప్పటి మా ఆవిడ ఈ రోజుకీ మారుస్తుంది. చిన్నప్పటి నుంచి కొడుకులా పెంచింది వాణ్ణి. ఆమె దగ్గరికి వెళ్ళి, వాడింక రాడని ఒక్కసారి అనవే అని అడగనా?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా వైపు చూశారు.

"నువ్వంటావా అమ్మా? మీ ఇంట్లోనూ ఒక మంచం ఉంది కదా?"

9

మిద్దె మీద కోటేశ్వరి అక్కకి చెప్పాను. ఇంతసేపు నేను మాట్లాడటం ఎప్పుడూ వినలేదు కాబట్టి మొదట నా మాటల కంటే నన్నే ఎక్కువ చూసింది. అర్థమయ్యాక చేతిలోని బట్ట బకెట్‌లో పడేసింది.

"నోరు కడుక్కోవే ముందు! మీ అమ్మ బతికుందో ఏ కష్టంలో ఉందో తెలవకుండా, రాదని నువ్వెట్టా అంటావే? నోరెట్టా వస్తది?"

"అక్కా..."

"నాకొద్దు. నా బిడ్డ పుట్టకముందే ఒకరి తల్లిని తోసేసి మంచమెక్కాలా? బయల్లోనే కంటా. గోనె తడుపుకుంటా. పో అవతలికి."

పనిలో గొంతులు వినడానికి నా చెవిలో పెట్టుకునే వినికిడి గింజ తీసి ఆమె చెవిలో పెట్టాను. అమ్మ మాట వినిపించాను. ఆ మొదటి సగం మాట ఒక ఊపిరంతే ఉంటుంది, విన్నారో లేదో తెలియనంత చిన్నది.

"ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాను. ఆమె తల వంచుకుని వింది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. గింజ తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసింది.

"మాట మింగేసింది తల్లి," అంది చివరికి. "నీకు తెలియనియ్యకూడదని మింగేసింది."

గాలికి బట్టలు కొట్టుకుంటున్నాయి.

"అయినా నా కోసం అనమాకే. ఆ పాపం నాకొద్దు."

"నీ కోసం కాదక్కా."

"మరెవరి కోసం?"

"రోజూ ఆ డబ్బా తిప్పి పంపలేకపోతున్నాను."

10

అమ్మ వస్తే ఏం చేస్తాను? ఆమెకి ఇక్కడ చోటు ఉండదు. నా మంచం మీద ఇద్దరం పడుకోవడం నియమానికి విరుద్ధం. అయినా పడుకుంటాం. ఆ పుస్తకంలోలా చాప వేస్తాను. కనిపెడితే ఇద్దరం బయలుకి వెళ్తాం. ఇదంతా ఆలోచించుకున్నాను.

11

పొద్దున కిందికి దిగాను. పనికి వెళ్ళేవాళ్ళు నలుగురైదుగురు వరసలో ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. నా వెనక ఇంకొందరు వచ్చి నిలబడ్డారు. నా వంతు వచ్చేసింది.

"చెప్పండి," అంది గడప.

"రాదు," అన్నాను.

"అర్థం కాలేదు. చెప్పండి."

వెనక ఎవరో కాలు మార్చుకున్నారు. సిస్టర్ ఫిలోమినా క్లాసులో పూర్తి వాక్యం చెబితేగాని కూర్చోనిచ్చేవారు కాదు. కర్త ఏది, క్రియ ఏది అనేవారు. నేను నిలబడే ఉండిపోయేదాన్ని, గంట కొట్టేదాకా. ఇక్కడ గంట కొట్టరు.

"మా అమ్మ ఇందుమతి తిరిగి రాదు. ఆమె చోటు వదులుతున్నాను."

"అయ్యో, అదేం మాట తల్లీ! పొద్దున్నే!" అంది వెనక ఒకావిడ. ఇంకెవరో ఆవిణ్ణి ఊరుకోమన్నారు.

గడప ఎప్పటి గొంతుతోనే అంది:

"ఇందుమతి వెళ్ళొస్తానన్నారు. మీరు రారంటున్నారు. ఏది రాసుకోమంటారు?"

అది అలా అడుగుతుందని నేను అనుకోలేదు.

పక్కకి చూశాను. కోటేశ్వరి అక్క మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రావద్దన్నాను, వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఒకవేళ ఆమె వద్దని తల ఊపితే ఆపేసేదాన్నేమో. ఊపలేదు. అవునని కూడా ఊపలేదు.

"నేనన్నది రాసుకో," అన్నాను.

పైన బోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి. కాసేపు నల్లగా ఉంది. తర్వాత వచ్చింది: 'ఖాళీ: ఒకటి.'

వరసలో అందరూ తలలెత్తి చూశారు. పనికి వెళ్ళాల్సినవాళ్ళు కూడా నిలబడిపోయారు. పెద్దవాళ్ళు కూడా ఆ మాట అక్కడ ఎప్పుడూ చూసి ఉండరు. ఇందాక అయ్యో అన్న ఆవిడ నన్ను చూసింది, బోర్డును చూసింది, తన వంతు రాకుండానే వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

12

ఈ రోజు అరలో ఒక డబ్బానే వచ్చింది.

తిన్నాను.

13

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయనందుకు గది అడిగింది. బాగానే ఉన్నానని చెప్పాను, నోటితోనే.

ఈ మధ్య విన్న మాటల్లో ఒకటి ఇక్కడ పెడుతున్నాను. గడప "చెప్పండి" అంటుంది. ఎవరూ మాట్లాడరు. ఒక ఆడమనిషి ముక్కు చీదిన చప్పుడు. "చెప్పండి," అంటుంది మళ్ళీ. అప్పుడు దైవాధీనం గారి గొంతు: "ఏం లేదులే. ఊరికే దిగి వచ్చాం." వాళ్ళు మళ్ళీ మెట్లెక్కడం చాలాసేపు వినిపిస్తుంది. దీన్ని ఏ సంచిలో వేయాలో తెలియక పక్కన పెట్టాను. ఆయన రోజూ నా బల్ల మీదుగా వెళ్తూ ఆ సంగతి ఎత్తరు. నేనూ ఎత్తను.

బోర్డు మీద మళ్ళీ 'నిండింది' అని వచ్చింది. అక్క పేరు మీద, పుట్టబోయే బిడ్డకి ఆ చోటు రాశారు.

14

ఆడపిల్ల. పుట్టి వారం దాటింది. ఎండలు మొదలయ్యాయి. కిటికీ అద్దం ముట్టుకుంటే కాలుతోంది.

పొద్దున తలుపు తట్టిన చప్పుడైంది. నా తలుపు ఎవరూ తట్టరు కాబట్టి ఇంకేదో చప్పుడనుకున్నాను. మళ్ళీ తట్టారు. అక్క, చేతుల్లో గుడ్డల మూట.

"చూశావా మీ గడప నిర్వాకం! చోటంటే చోటే ఇచ్చింది మహాతల్లి! మీ అమ్మ చోటంటే మీ అమ్మ మంచమేనంట. ఇరవయ్యో వరస, సుభాషిణి గది, రెండో మంచం! పాల డబ్బా కూడా ఇక్కడికే వస్తదంట. ఎనిమిది రోజుల పిల్ల సొంత గది చూసుకోడానికి వచ్చింది, పక్కకి జరుగు!"

నేను పక్కకి జరిగాను. అక్క లోపలికి వచ్చి రెండో మంచం ముందు ఆగింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను మంచం మీది దుప్పటి తీసేశాను. మడత పెట్టిందెవరో నాకు గుర్తే. పాత చీర ఒకటి పరిచాను. పాపని దాని మీద పడుకోబెట్టింది. పెద్ద మంచానికి మధ్యలో చారెడు పిల్ల.

అర తెరుచుకుంది. నా డబ్బా పక్కన చిన్న పాల డబ్బా. దాని మీద 'కోటేశ్వరి బిడ్డ' అని ఉంది.

పాప ఏడ్చింది. నాకు తెలిసి మా వరసలో అంత పెద్ద చప్పుడు ఎప్పుడూ పుట్టలేదు. నేను భయపడి తలుపు మూయబోయాను. మూసేలోపల దూరంగా ఒక తలుపు తెరుచుకుంది. సత్యానందం గారు గోడ పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. అటు చివర ఇంకో తలుపు. ఎవరో నడివయసావిడ, జుట్టు తుడుచుకుంటూ. నేనీ వరసలోనే పుట్టాను, ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. అంతే. ఇంకెవరూ రాలేదు. ముగ్గురం వరస పొడుగునా ఉన్న తలుపుల్ని చూశాం, వెలుగుతున్న పేర్లని చూశాం. గోడలు దేన్నీ పీల్చవని ముగ్గురికీ అర్థమైంది.

"పసిపిల్లేనా?" అన్నారు సత్యానందం గారు. "లోపలికి రావచ్చా?"

కూర్చోడానికి నా మంచం తప్ప ఏమీ లేదు. అందరూ దాని మీదే ఇరుకుగా కూర్చున్నారు. నేను నిలబడ్డాను. ఎవరి మోకాలో నాకు తగిలింది. నేను జరగలేదు.

సాయంత్రం యాకోబు పని నుంచి వచ్చే వేళకి అక్క లేచింది. రాత్రి నాలుగో వరసలో తన పక్కనే పడుకోబెట్టుకుంటుంది. అందుకు నియమం ఒప్పదు, ఎవరికీ చెప్పొద్దంది. గుమ్మం దగ్గర ఆగి పాప చేతిని నా వైపు ఊపింది.

"పిన్నికి చెప్పవే. వెళ్ళొస్తాం పిన్నీ అని చెప్పు."

నేను ఆ మాట విన్నాను. ముందేమైనా మింగిందా అని చెవి పెట్టి విన్నాను. అలవాటు అయిపోయింది. ఏమీ మింగలేదు.

వాళ్ళు వెళ్ళాక మంచం మీద పాత చీర చిన్నగా ముడతలు పడి ఉంది. సర్దలేదు. ఆ మాటని ఎదురుచూపులో వేశాను.

15

పొద్దున వచ్చారు. జత.